అలిగిన బతుకమ్మ నాడు వండర్‌లా

టీవీ కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. 2024 సెప్టెంబరు 20, శుక్రవారం. సింగరేణి కార్మికుల లాభాల వాటా ఖరారైంది. 2023-24లో కంపెనీ నికర లాభం రూ.4,701 కోట్లు. విస్తరణ పనులకని రూ.2,289 కోట్లు పక్కన పెట్టారు. మిగిలిన రూ.2,412 కోట్లలో 33 శాతం, అంటే రూ.796 కోట్లు కార్మికులకు. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేలు.

గోదావరిఖని గాంధీనగర్‌లో ఓ సందు. పర్మినెంటు కార్మికులున్న ఇళ్లలో ఫోన్లు మోగడం మొదలైంది. ఎవరికెన్ని హాజరు మస్టర్లు పడ్డాయి, ఎవరికెంత వస్తుంది, ఈసారి బంగారమా, బండా, బిడ్డ పేరు మీద డిపాజిటా? ఏటా దసరా ముందు ఈ సందులో ఇదే సందడి.

సందు చివరి ఇంట్లో మాత్రం టీవీ వంక ఎవరూ చూడటం లేదు. ఆ ఇంటాయన కాంట్రాక్టు కార్మికుడు. బొగ్గును బెల్టుల మీద తరలించే ప్లాంటు, సీహెచ్‌పీలో పని. బెల్టు మీది నుంచి కింద రాలిపడ్డ బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద పోయాలి. బొగ్గు రాలుతూనే ఉంటుంది, ఆయన ఎత్తుతూనే ఉంటాడు. లాభాల వాటా అంటే ఆ ఇంటికి ఎదురింటి ముచ్చటే. ఆరో తరగతి చదివే కొడుకు కళ్లే ముందు ఆ అక్షరాల మీద పడ్డాయి.

"డాడీ, కాంట్రాక్టోళ్లకు గూడ ఇస్తరట. ఐదు వేలు."

"ఊకోరా. అది ఎవలకో."

ఎవరికో కాదు. సింగరేణి లాభాల్లో కాంట్రాక్టు కార్మికులకు వాటా అనడం అదే మొదటిసారి. పాతిక వేల మందికి, తలకు ఐదు వేలు. ఎదురింటాయన లక్షా తొంభై వేల పక్కన పెడితే ఆ ఐదు వేలు ఏ మూలకు? కానీ ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ తొందరగా నిద్ర పట్టలేదు.

కథలోకి పోయే ముందు ఒక మాట. ఇది ఒక్క ఇంటి కథ కాదు. అలాంటి సందుల్లో వినబడే ముచ్చట్లను తెచ్చి ఒకే ఇంట్లో కూర్చోబెట్టి రాసింది. పేర్లు లేనిది అందుకే. తేదీలు, ప్రకటనలు, టికెట్ల కాయిదాలు, బస్సుల పద్ధతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

*

ఇంటావిడ దగ్గర ఒక పాత బూస్ట్ డబ్బా ఉంది. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. ఆ నెల కిరాయి కట్టడానికి ఆమె పడ్డ తిప్పలు ఆమెకే తెలుసు. డబ్బా అప్పుడు మొదలైంది. వారానికింత, నెలకింత. దాంతో పాటు బిడ్డ పాత నోటుబుక్కు ఒకటి. వెనక పేజీల్లో అన్నీ లెక్కలే. కిరాయి, చిట్టీ, కరెంటు, పాలు, బిడ్డ ఇంటర్ ఫీజు.

"ఈ ఐదు వేలు యే లెక్కల లేవు," అంది ఆ రాత్రి పుస్తకం ముందేసుకొని. "మనం అనుకున్నయి గావు, అడిగినయి గావు. పిల్లల కోసం ఖర్చు పెడుదాం."

"బండి టైరు అరిగి నున్నగైందే," అన్నాడాయన.

"టైరు నీ జీతంల ఏపిచ్చుకో."

అక్కడితో టైరు సంగతి ముగిసింది. ఇక మిగిలింది ఎక్కడికి పోవాలన్నదే. కొడుక్కి వండర్‌లా. ఎదురింటి పిల్లగాడు ఎండాకాలం సెలవుల్లో పోయొచ్చాడు. వచ్చిన రోజు నుంచి సందులో క్రికెట్ ఆగినప్పుడల్లా అదే వర్ణన. తలకిందులు చేసిందట, పేగులు గొంతులోకి వచ్చాయట. తల్లికేమో రామోజీ ఫిలింసిటీ. రోజూ చూసే సీరియళ్ల ఇళ్లన్నీ అక్కడే ఉంటాయని ఎవరో చెప్పారు. తండ్రి మధ్యేమార్గం చూశాడు. "జూపార్కుకు పోదాం. ఆడికెల్లి ట్యాంక్‌బండు. లుంబినీ పార్కు. రెండు వేలల్ల అయిపోతది."

జూపార్కు మాట వినగానే కొడుకు ముఖం చూసి ఆయన ఇంకేం మాట్లాడలేదు.

బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో ఫోను మీద అధికారం ఆమెది. కూర్చొని వెతికింది. రామోజీ ఫిలింసిటీ విజయవాడ రోడ్డున, 1996 నుంచి ఉంది, ప్రపంచంలోనే పెద్ద స్టూడియో అని గిన్నిస్‌లోకి ఎక్కింది. వండర్‌లా రావిర్యాలలో, ఔటర్ రింగురోడ్డు పక్కన. హైదరాబాద్‌లో పెట్టింది 2016 ఏప్రిల్‌లో. దాని వెనకున్నది కేరళ ఆయన, కొచ్చౌసెఫ్ చిట్టిలపిల్లి. మన ఇళ్లలో ఫ్రిజ్ పక్కన గోడకు స్టెబిలైజర్ ఉంటుందే, వీ-గార్డ్, ఆ కంపెనీ ఆయనదే. పార్కులు 2000లో కొచ్చిలో మొదలుపెట్టాడు, 2005లో బెంగళూరు, తర్వాత మన దగ్గర. ఎదురింటి స్టెబిలైజర్‌కూ వండర్‌లాకూ చుట్టరికం ఉందని తెలిసి కొడుకు తెగ నవ్వాడు.

వెతుకుతుంటే ఇంకోటి కనబడింది. 2022 డిసెంబరులో ఆర్టీసీ వాళ్లు "సింగరేణి దర్శన్" అని ఒక టూరు మొదలుపెట్టారు. హైదరాబాద్ వాళ్లను బస్సులో ఎక్కించుకొని తెచ్చి ఇక్కడి గనులు, జైపూర్ కరెంటు ప్లాంటు చూపించి తీసుకుపోవడం.

"మన బొగ్గు సూడనీకి టికెట్ పెట్టుకొని వస్తరా?" కొడుకు నమ్మలేదు.

"వస్తరట. భోజనం గూడ ఆళ్లే పెడ్తరట," అంది అక్క.

"నాకేమో రోజు ఫ్రీగనే సూపిస్తున్నరు," అన్నాడు తండ్రి. ఆ రాత్రి ఆయన నవ్వింది అప్పుడే. గట్టిగా నవ్వేసరికి పక్కింటావిడ గోడ తట్టింది.

*

రెండో రోజు సాయంత్రం తండ్రి పనినుంచి ఉషారుగా వచ్చాడు. తోటి కార్మికుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపారట. వండర్‌లా టికెట్ 499 రూపాయలకే, పండుగ ఆఫరు, ఈ రోజే ఆఖరు. కింద స్కాన్ చేసి డబ్బు కట్టే బొమ్మ.

"నలుగురికి రెండు వేలు. ఇంకేంది? మిగిలినయి తిండికి, బస్సుకు."

బిడ్డ ఫోను తీసుకొని చూసింది. వెబ్‌సైటు పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. స్కాన్ చేస్తే డబ్బు పోయేది ఓ మనిషి పేరు మీదికి, ఇంటిపేరుతో సహా.

"పార్కుకు ఇంటిపేరు ఉంటదా డాడీ?"

ఆయన ఆ మెసేజీ మళ్లీ చదివాడు. గ్రూపులో అప్పటికే ఇద్దరు కట్టేశామని పెట్టారు. ఆయన వెంటనే వాళ్లకు ఫోన్లు చేసి ఆపబోయాడు గానీ ఒకతని డబ్బు పోనే పోయింది. ఇలాంటి మోసం కొత్తదేమీ కాదు. 1955 జులై 17న అమెరికాలో డిస్నీలాండ్ తలుపులు తెరిచిన మొదటి రోజే వేలమంది దొంగ టికెట్లతో లోపలికొచ్చారు. అక్కడ నష్టపోయింది పార్కు. ఇక్కడ నష్టపోయింది సీహెచ్‌పీలో పార పట్టే మనిషి. తేడా అదే.

అసలు వెబ్‌సైటులో చూస్తే నెత్తిన పడ్డట్టయింది. పెద్దవాళ్లకు తలకు వెయ్యి పైచిలుకు, అందులో 18 శాతం జీఎస్‌టీ. 2018 జనవరికి ముందు అది 28 శాతం ఉండేది, అదొక్కటే ఊరట. నలుగురికీ టికెట్లు తీస్తే ఐదు వేలల్లో ఐదారు వందలు మిగిలితే ఎక్కువ. బస్సు, తిండి, బట్టలు ఇంకా లెక్కలోకే రాలేదు.

బిడ్డ ఒక్కో మెట్టూ దిగుతూ పోయింది. శని, ఆదివారాలకంటే సోమవారం టికెట్ తక్కువ. కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే విద్యార్థికి తగ్గింపు, కాకపోతే అసలు కార్డే తేవాలి. పిల్లల టికెట్‌కు వయసుతో పని లేదు. ఎత్తు చూస్తారు. 140 సెంటీమీటర్లలోపు ఉంటే పిల్లల టికెట్, దాటితే పెద్దవాళ్ల టికెట్టే.

అందరూ కొడుకు వైపు చూశారు.

తండ్రి పనిసంచిలోంచి స్టీలు టేపు తీశాడు. పిల్లవాణ్ణి తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టారు. బడిలో ప్రార్థన వరుసలో పొడుగున్నవాళ్ల సరసన నిలబడాలని వాడికి మొదటి నుంచీ కోరిక. అలవాటుగా మడమలెత్తాడు. తల్లి వచ్చి నెత్తిన చెయ్యి పెట్టి నొక్కింది.

"కిందికి దిగురా."

"పొడుగు పెరగాలని నువ్వే గదా రోజు గుడ్డు పెడ్తవ్!"

"అది అన్ని రోజులకు. దీనికి గాదు."

నూట ముప్పై ఎనిమిదిన్నర. తండ్రి రెండుసార్లు కొలిచాడు. పండుగకు ఎలాగూ కటింగ్ చేయించాలి కాబట్టి ఇంకో అర సెంటీమీటరు కలిసొస్తుందని తల్లి పుస్తకంలో ఏదో రాసుకుంది. బస్సులో పన్నెండేళ్లలోపుకు సగం టికెట్, అక్కడ వయసు లెక్క. పార్కులో ఎత్తు లెక్క. రెండింటికీ సరిగ్గా సరిపోయే ఈడులో ఉన్నాడు పిల్లవాడు. ఇంకో ఆర్నెల్లు ఆగితే రెండూ దాటిపోతాడు. అందుకే వాయిదా మాట ఎవరూ ఎత్తలేదు.

*

తేదీ తేల్చింది తల్లి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అక్టోబరు 2 నుంచి బడులకు దసరా సెలవులు. 12న దసరా. పండుగ తర్వాత పోదామంటే గోదావరిఖని నుంచి పట్నం పోయే బస్సులన్నీ తిరుగు ప్రయాణపు జనంతో కిక్కిరిసి ఉంటాయి, స్పెషల్ బస్సుల్లో ఛార్జీ కూడా ఎక్కువ. పండుగకు ముందైతే జనమంతా పట్నం నుంచి ఇటు వస్తుంటారు, అటు పోయే బస్సులు ఖాళీ. కాబట్టి ముందే పోవాలి. కానీ 2న ఎంగిలిపూల బతుకమ్మ, 10న సద్దులు. ఆ తొమ్మిది రోజుల్లో ఊరు విడిచి పోవడమా? సందులో ఆడవాళ్లు ఏమనుకుంటారు?

ఆమె గోడ క్యాలెండర్ ముందు నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం. ఐదో రోజు అట్ల బతుకమ్మ, ఆదివారం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ.

అలిగిన బతుకమ్మ నాడు ఎవరూ బతుకమ్మ పేర్చరు. పూలు తేరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. తొమ్మిది రోజుల్లో ఖాళీ దొరికేది ఆ ఒక్కనాడే. అది అక్టోబరు 7, సోమవారం.

"సోమారం," అంది ఆమె. "టికెట్ గూడ తక్కువే. ఆ రోజు పోదాం."

ఆదివారం సాయంత్రం అట్ల బతుకమ్మ ఆడి బయల్దేరితే, మంగళవారం పొద్దున ఇంట్లో ఉండొచ్చు. వేపకాయల బతుకమ్మకు పువ్వు తేవచ్చు. ఏ ట్రావెల్ ఏజెంటుకూ రాని లెక్క ఇది.

తండ్రికి మాత్రం సోమవారం నాగా పడుతుంది. కాంట్రాక్టు కార్మికుడికి నాగా అంటే కూలి పోవడమే. ఆ రోజు కూలిని కూడా ఆమె ఖర్చుల్లోనే రాసింది. ఎదురింటాయన ఇది విని, మాకు లీవులున్నయి కాబట్టి మేం ఎప్పుడూ ఈ లెక్క వేసుకోలేదు అన్నాడట.

*

బస్సుల సంగతి మీద ఒక రాత్రంతా గడిచింది. వందేభారత్ అన్నాడు కొడుకు. నాగ్‌పూర్ నుంచి సికింద్రాబాద్ పోయేది సెప్టెంబరు 16న మొదలైంది, రామగుండంలో ఆగుతుంది. బడిలో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. తల్లి టికెట్ ఎంతో అడిగి, విని, పుస్తకంలో కూడా రాయలేదు.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. సూపర్ లగ్జరీకి ఆ వరస లేదు. డైరెక్టు బస్సుకని దాన్ని ఎక్కితే నలుగురికీ టికెట్ కొట్టాల్సిందే. ఎక్స్‌ప్రెస్‌లో కరీంనగర్ దాకా పోయి, అక్కడ ఇంకో ఎక్స్‌ప్రెస్ పట్టుకొని రాజీవ్ రహదారి మీద సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండు చేరితే తల్లికీ బిడ్డకూ జీరో టికెట్. హైదరాబాద్‌లో సిటీ బస్సుల్లోనూ అంతే, ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో వాళ్లకు ఉచితం. ఆధార్ ఒరిజినల్ మాత్రం చేతిలో ఉండాలి.

అప్పుడు తండ్రికొక ఆలోచన వచ్చింది. రైల్లో జనరల్ టికెట్ బస్సుకంటే చాలా తక్కువ.

"మీరిద్దరు బస్సుల రండి. నేను, పిలగాడు రైళ్ల వస్తం. జేబీఎస్ కాడ కలుసుకుందాం."

లెక్క ప్రకారం తప్పేమీ లేదు. కొన్ని వందలు మిగిలేవి. బిడ్డ కూడా సరేననబోయింది.

"ఇంట్లకెల్లి కలిసి బయల్దేరక, ఆడోళ్లు ఓ దిక్కు, మొగోళ్లు ఓ దిక్కు పోవుడేందయ్యా? పెండ్లికి పోతున్నమా, చావుకు పోతున్నమా?" అంది తల్లి. ఆ మొత్తం ప్రణాళికలో ఆమె పైసలకు వెనకాడని మాట ఇదొక్కటే.

టికెట్లు బుక్ చేసే నాటికి ఆ ఐదు వేలు ఇంకా ఖాతాలో పడలేదు. ఎదురింటాయన చేబదులు ఇస్తానన్నాడు, వద్దంది. బూస్ట్ డబ్బా తెరిచింది. పడ్డాక మళ్లీ డబ్బాలో పెట్టాలన్నది షరతు. నోట్లన్నీ లెక్కపెట్టి కిరాణం సేటుకిచ్చి బిడ్డ ఫోనులో వేయించుకున్నారు. బిడ్డ ఒకటికి రెండుసార్లు వెబ్‌సైటు పేరు అక్షరం అక్షరం చదివి, పైకి వినబడేలా చదివి, నాలుగు టికెట్లు తీసింది.

తీసిన తర్వాత బయటపడింది బట్టల గొడవ. నీళ్ల ఆటలకు నూలు బట్టలు కుదరవు, చీరలు కుదరవు. నైలాన్ లాంటివే వేసుకోవాలి. అక్కడే అమ్ముతారు, కానీ అది ఇంకో ఖర్చు.

"నేను ఒడ్డుకు కూసుంట," అంది తల్లి.

"కూసున్నా టికెట్ అంతే గదమ్మా. వెయ్యి రూపాయలు పెట్టి కూసుంటవా?"

ఈ దెబ్బకు ఆమె దగ్గర జవాబు లేదు. బిడ్డ అటక మీది నుంచి తన పాత ట్రాక్‌సూటు తీసింది, స్కూల్లో ఆటల పోటీలకు కుట్టించింది, నీలం రంగు పాలిస్టరు. పదిహేడేళ్ల కాపురంలో తల్లి చీర, నైటీ తప్ప వేరే ఏదీ వేసుకున్నది లేదు. తలుపు గడియ పెట్టుకొని వేసుకొని చూసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఎవరి వైపూ చూడకుండా వంటింట్లోకి పోయింది. వీపు మీద పెద్ద తెల్ల అక్షరాలతో బిడ్డ చదివిన స్కూలు పేరు.

"మంచిగున్నదే," అన్నాడు తండ్రి.

"నువ్వు ఊకో."

*

ఆదివారం రాత్రి అట్ల బతుకమ్మ ఆడి, చెరువు దగ్గర నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా బయల్దేరారు. కరీంనగర్ బస్టాండులో గంటసేపు. పట్నం నుంచి వచ్చే ప్రతి బస్సులోనూ మనుషులు నిలబడి ఉన్నారు, అటు పోయే బస్సులో ఆడవాళ్లిద్దరికీ కిటికీ పక్క సీట్లు. కండక్టర్ చేతి మిషన్ నుంచి జీరో టికెట్లు రెండు, తండ్రికి ఫుల్, కొడుక్కి హాఫ్. రెండు రాత్రులు బస్సులోనే పడుకోవడంతో హోటల్ గది ఖర్చు మిగిలింది. నడుములు పట్టేశాయన్నది వేరే సంగతి, దాన్ని పుస్తకంలో ఏ వరుసలో రాయాలో ఆమెకు తెలియలేదు.

తెల్లవారుజామున జేబీఎస్ బెంచీ మీద నిన్నటి నైవేద్యపు అట్లు, చింతకాయ తొక్కు. తర్వాత రెండు సిటీ బస్సులు, ఆఖర్న ఒక ఆటో. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి సంచిలోని పులిహోర మొత్తం గేటు బయట చెట్టు కిందే ఖాళీ చేశారు. పదకొండింటికి గేటు తీసేసరికి నలుగురూ కడుపునిండా తిని ఉన్నారు. మళ్లీ నాలుగు దాకా ఆకలి మాట ఎత్తలేదు. లాకరు నలుగురికీ కలిపి ఒక్కటే తీసుకున్నారు.

గేటు దగ్గర కొలత. ఒకమ్మాయి పిల్లవాణ్ణి గీత పక్కన నిలబెట్టింది. తల్లి ఊపిరి బిగబట్టింది. గీత కిందే ఉన్నాడు. పిల్లల టికెట్ నిలిచింది.

అయితే ఆ గీత లోపల కూడా ఉంది. పెద్ద రైడ్లకు కనీస ఎత్తు ఉంటుంది. ఎదురింటి పిల్లగాడు ఎండాకాలం నుంచీ చెవులు హోరెత్తించిన రైడు దగ్గరికి పోగానే అక్కడి మనిషి ఇంకో కొలత బద్ద చూపించి తల అడ్డంగా ఊపాడు. ఎదురింటి వాడు వీడికంటే ఏడాది పెద్ద, చేతివేలంత పొడుగు.

వాడు ఏడవలేదు. తల్లి వైపు తిరిగి చూశాడంతే. నెత్తిన నొక్కిన చెయ్యి ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

తండ్రీ బిడ్డా ఎక్కారు. ఎక్కేముందు తండ్రి చైను లాగే చోట ఒక నిమిషం ఆగి, తల పక్కకు వంచి చెవి పెట్టాడు. బెల్టు పక్కన పనిచేసేవాళ్లకు అది అలవాటు. ఏ రోలరు ఎండిపోయిందో చప్పుడును బట్టే చెప్తారు.

"గ్రీజు మంచిగ పెట్టిండ్రు," అన్నాడు బిడ్డతో. "భయం లేదు, ఎక్కు."

దిగాక ఆయన పది నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాడు. గ్రీజు సంగతి మళ్లీ ఎత్తలేదు.

కొడుక్కి నీళ్ల ఆటలు మిగిలాయి, అవి చాలా ఉన్నాయి. మధ్యాహ్నం అలల కొలను దగ్గర తల్లి ఇటు అంచున నిలబడింది. నీలం ట్రాక్‌సూటు, జడ, నుదుట బొట్టు, చేతికి గాజులు. హారను మోగి అలలు మొదలయ్యాయి. కొడుకు వచ్చి చెయ్యి పట్టి లాగాడు. మోకాళ్ల దాకా వచ్చింది, నడుము దాకా వచ్చింది. ఒక పెద్ద అల వచ్చి ఇద్దరినీ పడేసింది. లేచి, ముక్కులోంచి నీళ్లు చీదుకుంటూ ఆమె పెద్దగా నవ్వింది. పక్కనే ఆడుకుంటున్న కాలేజీ అమ్మాయిలు వీపు మీది పేరు చదివి, "మీరు అక్కడ పీటీ టీచరా ఆంటీ?" అని అడిగారు.

"ఔను," అంది.

ఎందుకలా అన్నదో తర్వాత ఆమెకే తెలియదు. హారను ఆగేదాకా ఆ నీళ్లలోంచి బయటికి రాలేదు. తండ్రి ఒడ్డు మీద కూర్చొని అది చూస్తూ, రెండు ప్లేట్ల తిండి కొని నలుగురికీ పంచే పని మీద ఉన్నాడు. లోపలి ధరలకు రెండే సరిపెట్టుకోవాలి మరి.

తిరుగు ప్రయాణంలో కరీంనగర్ దాకా సీట్లు దొరకలేదు. కింద సంచుల మీద కూర్చున్నారు. మంగళవారం పొద్దున ఇల్లు చేరి, తండ్రి స్నానం చేసి, రెండో షిఫ్టుకు సీహెచ్‌పీకి పోయాడు. తల్లి వేపకాయల బతుకమ్మకు తంగేడు పూల కోసం పోయింది. పుస్తకంలో లెక్క తేల్చింది బిడ్డ. పోయిన కూలితో కలిపి ఐదు వేల మీద పద్దెనిమిది వందల చిల్లర. ఆ పైది ఎక్కడి నుంచి వచ్చిందంటే, డబ్బా నుంచే. దాన్ని నింపడానికి సంక్రాంతి దాకా పట్టింది.

*

2025 సెప్టెంబరులో మళ్లీ ప్రకటన. ఈసారి రూ.2,360 కోట్లలో 34 శాతం, అంటే రూ.802 కోట్లు. పర్మినెంటు కార్మికులకు సగటున రూ.1,95,610. కాంట్రాక్టు కార్మికులకు రూ.5,500.

ఈసారి సందు చివరి ఇంట్లో నలుగురూ టీవీ ముందే కూర్చున్నారు. ఐదు వందలు పెరిగాయి. పిల్లవాడు కూడా పెరిగాడు, ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు. వాడికిప్పుడు బస్సులోనూ ఫుల్లే, పార్కులోనూ ఫుల్లే. తల్లి పుస్తకం తీసి కొత్త పేజీ పైన "రామోజీ" అని రాసింది.

"రామోజీ గాదమ్మా. వండర్‌లానే."

"అది సూసినం గదరా."

"మీరు సూసిండ్రు. నన్ను పెద్దది ఎక్కనియ్యలే."

"అందరికి రెండుసార్లు పోను పైసలు యాడియి?"

"అందరు వద్దు. నేను, డాడీ పోతం. పోయినసారి నా టికెట్ల మిగిలిన పైసలున్నయి గదా, అవి నావి. తలకాయ నొక్కి మిగిల్చినవ్."

తల్లి నోరు తెరిచి మళ్లీ మూసింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, పోయినేటి లెక్కలో పెద్ద టికెట్‌కూ చిన్న టికెట్‌కూ తేడా ఎంతుందో వెతకడం మొదలుపెట్టింది.